ఓడిన ఆట తెరిస్తే నాన్న గొంతే వినిపిస్తోంది

ప్రశ్న: పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. క్లుప్తంగా ఆమె సమస్య ఇది. వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సొంతూరు కోస్తాలో ఒక చిన్న పట్నం. ఏడేళ్లప్పుడు చెస్ నేర్పింది నాన్నే. చిరుద్యోగం చేసుకుంటూ, సెలవులు పెట్టి మరీ కూతుర్ని టోర్నమెంట్లకు తిప్పారు. ఆమె రాష్ట్రస్థాయి దాకా ఆడారు. అయితే టోర్నమెంటు అయ్యాక తిరుగు రైల్లో, కింది బెర్తు మీద మాగ్నెట్ బోర్డు పరిచి, ఆటను మొదటి నుంచి ఆడించి, తప్పు జరిగిన చోట ఆపి "ఈ ఎత్తు ఎందుకు వేశావ్?" అని అడిగేవారు. ఏ జవాబు చెప్పినా ఆయనకు సరిపోయేది కాదు. ఎదుటి బెర్తుల వాళ్లు చూస్తుండగా కళ్లనీళ్లు పెట్టుకుని కూర్చోవడం ఆమెకు ఇంకా గుర్తే. ఇంటర్‌లో చేరగానే ఎంసెట్ పేరు చెప్పి ఆట మానేశారు.

రెండేళ్ల కిందట ఆఫీసు పోటీలో సరదాగా ఆడి మళ్లీ ఆటలో పడ్డారు. వీలున్నప్పుడల్లా ఓపెన్ టోర్నమెంట్లకు వెళుతున్నారు. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1583. ఏడాదిగా అటూ ఇటూగా అక్కడే ఉంది. ఈమధ్య 1450 రేటింగ్ ఉన్న పదకొండేళ్ల అబ్బాయి చేతిలో, డ్రా కావాల్సిన ఆట ఓడిపోయారు. చెయ్యి కలిపి, ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్ మీద సంతకం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశారు. ఆ రాత్రి ఫోన్‌లో మూడేసి నిమిషాల బ్లిట్జ్ ఆటలు ఒంటిగంట దాకా ఆడుతూనే ఉన్నారు. మర్నాడు ఇంజిన్ (ఆటలో తప్పొప్పులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టి చూస్తే 59వ ఎత్తు దగ్గర తప్పు గుర్తు ఎర్రగా కనిపించింది. కడుపులో తిప్పినట్టయి మూసేశారు. ఓడిన ఆటల స్కోర్‌షీట్లన్నీ అలాగే టేబుల్ సొరుగులోకి పోతున్నాయి. నాన్నకు ఇప్పుడు 63. గుండెకు స్టెంట్ వేశారు. ప్రతి ఆదివారం రాత్రి ఫోన్ చేసి "గేమ్ పంపించమ్మా, చూస్తాను" అంటారు. ఓడినా "డ్రా అయింది నాన్నా" అని దాటేస్తున్నారు. ఆమె అడిగినవి మూడు. ఓడిన ఆటలు చూడకుండా, కొన్న ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల) కోర్సు బాగా చదివితే మెరుగుపడనా? చూడక తప్పదంటే, మనసు చెడకుండా చూసే పద్ధతి ఏదైనా ఉందా? నాన్నకు ఏం చెప్పాలి? చివర్లో ఇంకో మాట: వచ్చే నెలలో టోర్నమెంటు ఉంది, వెళ్లాలా వద్దా?

సమాధానం: ఉత్తరంతో పాటు ఆ ఆట స్కోర్‌షీట్ ఫోటో కూడా పంపారు కదా, ముందు బోర్డు మీద దాన్ని పేర్చి చూశాను. మీ ప్రశ్నలకు సగం జవాబులు అందులోనే ఉన్నాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీకు ఎర్రగా కనిపించిన 59వ ఎత్తు ఇది. మీవి నల్లపావులు. (గడి పేర్లలో డి, ఈ, ఎఫ్ అక్షరాలు నిలువు వరసలు, అంకెలు అడ్డ వరసలు.) బోర్డు మీద మిగిలినవి మూడే: ఈ7లో మీ రాజు, డి5లో అతని రాజు, ఈ5లో అతని బంటు. అతను బంటును ఈ6కు తోశాడు. అక్కడి నుంచి మీ రాజు వెళ్లగలిగిన గడుల్లో ఒక్క ఈ8 మాత్రమే డ్రా. మీరు డి8కి వెళ్లారు. అతని రాజు డి6కు వచ్చింది. మీరు ఈ8కి వచ్చినా, బంటు చెక్ లేకుండా ఈ7లో దిగింది. మీకు ఎఫ్7 తప్ప వేరే దారి లేదు. అతని రాజు డి7కు చేరింది, బంటు మంత్రి అయింది. అదే మీరు నిటారుగా వెనక్కి ఈ8కి వెళ్లి ఉంటే, అతను డి6కు వచ్చినప్పుడు మీరు డి8కి వచ్చి ఎదురుగా నిలబడేవారు. అప్పుడు బంటు ఈ7లో చెక్ ఇస్తూ దిగక తప్పదు. మీరు మళ్లీ ఈ8. అతని రాజు ఈ6కు వస్తే మీకు కదలడానికి గడి ఉండదు, స్టేల్‌మేట్, అంటే డ్రా. రాకపోతే బంటు పోతుంది. బంటు ఏడో వరసలోకి చెక్‌తో దిగితే డ్రా, చెక్ లేకుండా దిగితే ఓటమి. ఈ స్థితిలో అంతా ఆ తేడా మీదే నడుస్తుంది. బోర్డు మీద రెండు వైపుల నుంచీ నాలుగైదుసార్లు ఆడి చూస్తే ఇక మర్చిపోరు.

ఇంజిన్ చెప్పింది ఇంతే. మీ నాన్నగారు రైల్లో ఉండి ఉంటే బహుశా ఇక్కడే ఆపి అడిగేవారు. కానీ నా లెక్కలో మీరు ఓడింది ఇక్కడ కాదు. 17వ ఎత్తు దగ్గర మొదలైంది.

మీ ఉత్తరంలోనే రాశారు, బంటును దేనితో తీసుకోవాలో తేల్చుకోలేక కూర్చుంటే గడియారం చూసుకునేసరికి అరగంట పోయిందని. 90 నిమిషాల ఆటలో అరగంట! ఆ స్థితి చూశాను. రెండు రకాలుగా తీసుకున్నా ఆట నడుస్తుంది, పెద్ద తేడా లేదు. తేడా లేని చోట మీరు మూడో వంతు సమయం ఖర్చు పెట్టారు. దాంతో 41వ ఎత్తు వచ్చేసరికి నాలుగు నిమిషాలే మిగిలాయి. అప్పటికి చెరో ఏనుగు ఉంది. అతనికి మూడు బంట్లు, మీకు రెండు, అన్నీ ఒకే వైపు. ఒక బంటు తక్కువైనా, బంట్లన్నీ ఒకే వైపు ఉన్న ఏనుగుల ఎండ్‌గేమ్ (పావులు కొన్నే మిగిలిన చివరి దశ) మామూలుగా డ్రాగా నిలబడుతుంది. మీరు ఏనుగులు మార్చేసుకున్నారు. "టైమ్ లేదు, పావులు తగ్గితే సులభం అవుతుందనుకున్నాను" అని రాశారు. కానీ బంటు తక్కువ ఉన్నవాళ్లకు ఏనుగుల ఎండ్‌గేమ్ కన్నా ఉత్త బంట్ల ఎండ్‌గేమ్ చాలా ప్రమాదం. ఏనుగు ఉంటే వెనక నుంచి చెక్‌లు ఇస్తూ ఏడిపించవచ్చు, రాజు ఒక్కటే అయితే ఆ దారి మూసుకుపోతుంది. ఆట నిజంగా చేజారింది అక్కడే. ఆ తర్వాత ఆ అబ్బాయి కూడా 53వ ఎత్తులో తప్పు చేసి డ్రాను మీ చేతికి తిరిగి ఇచ్చాడు. 59లో మీరు దాన్ని మళ్లీ అతనికి ఇచ్చేశారు.

ఇంజిన్‌ను ఇంకో రెండు నిమిషాలు తెరిచి ఉంచితే 41వ ఎత్తు కూడా ఎర్రగానే కనిపించేది. 17వది మాత్రం ఎప్పటికీ ఎర్రబడదు, ఎందుకంటే ఎత్తు మంచిదే. మీ అరగంట సంగతి ఇంజిన్‌కు తెలియదు, మీ భయం సంగతి అసలే తెలియదు. అవి మీకు మాత్రమే తెలుసు. ఓడిన ఆటను మీరే చూసుకోవాలని అనేది ఇందుకే.

ఇక మొదటి ప్రశ్న. చూడకుండా మెరుగుపడవచ్చా? కొంతవరకు పడవచ్చు. రోజూ పజిల్స్ చేస్తే లెక్క వేగం పెరుగుతుంది. ఓపెనింగ్ కోర్సు చదివితే మొదటి పది పన్నెండు ఎత్తులు ధైర్యంగా వేస్తారు. చాలామంది ఆ దారిలో ఆడుతూ హాయిగా ఉన్నారు, ఆట ఆనందం కోసమే అనుకుంటే అందులో తప్పేమీ లేదు. కానీ మీరు ఏడాదిగా ఒకేచోట ఆగిపోయానని బాధపడుతున్నారు. మీరు పంపిన ఆటలో ఓపెనింగ్ శుభ్రంగా ఉంది. 15వ ఎత్తు దాకా ఇద్దరికీ సమానమే. అంటే చిల్లు ఒకచోట ఉంటే మీరు డబ్బు పెట్టింది ఇంకోచోట. కోర్సు పూర్తి చేస్తే ఇంకాస్త మంచి స్థితి నుంచి ఇదే 41వ ఎత్తుకు చేరుకుంటారు.

మిఖాయిల్ బోత్విన్నిక్ గురించి మీ నాన్నగారు చెప్పే ఉంటారు, ఆ తరం ఆటగాళ్లకు ఆయన దేవుడితో సమానం. 1960లో మిఖాయిల్ తాల్ చేతిలో ప్రపంచ టైటిల్ పోగొట్టుకున్నారు. తాల్ అప్పుడు ఇరవై మూడేళ్ల కుర్రాడు, బోత్విన్నిక్‌కు యాభై దగ్గరపడుతున్నాయి. పనైపోయిందనుకున్నారు అందరూ. ఆయన తన ఆటల్ని తీరిగ్గా విప్పి చూసుకుని, మర్నాటి ఏడు 1961లో రీమ్యాచ్‌లో 13–8తో టైటిల్ తిరిగి తీసుకున్నారు. సొంత ఆటల్ని విశ్లేషించి అచ్చులో పెట్టండి, నలుగురూ మీ విశ్లేషణలో తప్పులు పడతారు, దాంతో మీ దృష్టి పదునెక్కుతుంది అన్నది ఆయన జీవితాంతం చెప్పిన మాట. మీరు అచ్చు వేయక్కర్లేదు. నోట్‌బుక్ చాలు.

రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మనసు చెడకుండా ఎలా చూడాలి?

అమ్మా, మీకు ఇబ్బంది ఓటమితో కాదనిపిస్తోంది, దాని వెనక వచ్చే ప్రశ్నతో. "ఎందుకు వేశావ్?" అనే ప్రశ్నకు పదేళ్ల పిల్ల దగ్గర జవాబు ఉండదు. ఆ స్వరంలో అడిగితే పెద్దవాళ్ల దగ్గరా ఉండదు. ఇప్పుడు నాన్న పక్కన లేకపోయినా స్కోర్‌షీట్ తెరవగానే మీరే మిమ్మల్ని ఆ స్వరంలో అడుగుతున్నారు. కాబట్టి ముందు ప్రశ్న మార్చండి. "అప్పుడు నాకు ఏం కనిపించింది? ఏం అనుకున్నాను?" అని అడగండి. దీనికి మీ దగ్గర తప్పకుండా జవాబు ఉంటుంది, అది మీ తలలో జరిగిన విషయమే కాబట్టి. పైగా విశ్లేషణకు నిజంగా పనికొచ్చే ప్రశ్న ఇదే.

ఆ జవాబు తాజాగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. ఆట అయిన అరగంటలోపు, హాలు బయట ఎక్కడైనా కూర్చుని, ఎక్కడ ఏమనుకున్నారో నోట్‌బుక్‌లో నాలుగైదు వాక్యాలు రాయండి. తప్పొప్పులు తేల్చొద్దు. "17: రెండూ బాగున్నట్టే ఉంది, తప్పు చేస్తానేమో అని భయం. 41: టైమ్ లేదు, ఏనుగులు పోతే హాయి. 59: అతని రాజుకు ఎదురుగా ఉండాలి అనుకుని డి8." అంతే. బోర్డు తెరవొద్దు, ఫోన్ తెరవొద్దు. ఇంజిన్ చూశాక మన జ్ఞాపకం మారిపోతుంది, "అది నాకు తట్టింది కానీ..." అని మనసు కథ అల్లుకుంటుంది. ఆట మధ్యలో ఇలాంటివి రాసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. కానీ స్కోర్‌షీట్ మీద ఎత్తు పక్కన గడియారంలో మిగిలిన సమయం రాసుకోవచ్చు, ఫిడే నియమాలు అనుమతిస్తాయి. అయిదేసి ఎత్తులకు ఒకసారి నిమిషాలు రాయండి. అరగంట ఎక్కడ పోయిందో కాగితమే చెబుతుంది.

కుదిరితే ప్రత్యర్థితో మాట్లాడండి. పెద్ద టోర్నమెంట్లలో దీనికి విడిగా బల్లలు వేస్తారు, లేకపోతే కారిడార్లో మెట్ల మీదైనా సరే. పదకొండేళ్ల అబ్బాయి దగ్గర కూర్చోవడం నామోషీ అనిపించవచ్చు. కానీ ఆ వయసు పిల్లలు ఏమీ దాచుకోరు, "అక్కా, మీరు ఏనుగు అక్కడే ఉంచి ఉంటే నాకేం చేయాలో తెలియలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. మీరు గండం అనుకున్న చోట అతనికీ గుండె కొట్టుకుంది అని తెలిస్తే బరువు దిగుతుంది. ఒకటే ఇబ్బంది, పిల్లల పక్కన తల్లిదండ్రులో కోచ్‌లో వచ్చి నిలబడి ఆటను తమ చేతుల్లోకి లాక్కుంటారు. అలా జరిగితే థ్యాంక్స్ చెప్పి లేచిపోండి.

ఓడిన రాత్రి మాత్రం విశ్లేషణ వద్దు. మీ ఫోన్ బ్లిట్జ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక్క ఆట గెలిచి పడుకుందామని మొదలవుతుంది, అలసిన బుర్రతో ఇంకో నాలుగు ఓడతాం, ఆ నాలుగింటిలో దేన్నీ చూడం. మూడు నిమిషాల ఆటలో మొదట తట్టిన ఎత్తు వేసేయాలి, టోర్నమెంటులో మీరు నేర్చుకోవాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. బ్లిట్జ్ పూర్తిగా మానేయమని అనను, వేరే రోజుల్లో సరదాగా ఆడండి. ఓడిన రాత్రి ఆడితే మర్నాడు నిద్రలేమితో ఆఫీసు, దానిపైన తలనొప్పి, ఆట మీద ఇంకాస్త విముఖత.

రెండు రోజులు పోనివ్వండి. అప్పుడు నిజమైన బోర్డు మీద, ఇంజిన్ లేకుండా ఆటను మొదటి నుంచి ఆడండి. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని, సమయం ఎక్కువ పట్టిన చోట, భయం వేసిన చోట, ఆట చేజారిందని మొదట అనిపించిన చోట ఆగండి. మూడు చోట్లు చాలు. ప్రతిచోటా ఇంకేం ఆడొచ్చో మీరే వెతికి, మీకు తోచినది రాయండి. ఇక్కడ మీ అభిప్రాయం తప్పయినా పరవాలేదు, తప్పు అభిప్రాయం కాగితం మీద ఉంటేనే దాన్ని సరిదిద్దుకోగలం. ఇంజిన్‌ను మొదటే తెరిస్తే జవాబు చూసి లెక్క చేసినట్టే, అర్థమైనట్టుంటుంది, పరీక్షలో రాదు. గుకేశ్‌ను తీర్చిదిద్దిన గ్రాండ్‌మాస్టర్ విష్ణు ప్రసన్న ఆ అబ్బాయిని చాలాకాలం ఇంజిన్‌కు దూరంగానే ఉంచారు, లెక్క తనే వేసుకోవాలని. అదే గుకేశ్ 2024లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ స్థాయి ఆటగాడికే అంత అవసరమైన అలవాటు మనకు ఇంకా అవసరం.

ఆ తర్వాత ఇంజిన్ పెట్టండి. ఎర్ర గుర్తుల వెంట పరుగెత్తకుండా, మీరు రాసుకున్న మూడు ప్రశ్నలకు జవాబు అడగండి. ఎవరిది పైచేయో చెప్పే ఇంజిన్ లెక్క ప్లస్ 0.3 ఉన్నది మైనస్ 0.2 అయితే పట్టించుకోవద్దు, మన స్థాయిలో దానికి అర్థం లేదు. డ్రా కాస్తా ఓటమిగా మారిన చోట ఆగి, ఇంజిన్ చూపిన ఎత్తుకు అవతలి నుంచి మీకు తోచిన జవాబులు వేసి చూడండి, ఎందుకు మంచిదో చేతికి తెలిసేదాకా. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో "మీ తప్పుల నుంచి నేర్చుకోండి" అనే సదుపాయం ఉంది, ఉచితం. తప్పు జరిగిన స్థితిని చూపించి, జవాబు దాచిపెట్టి, మళ్లీ ప్రయత్నించమంటుంది. మీలాంటి వాళ్లకు అది నచ్చుతుంది, ఎవరూ మందలించరు, ఇంకో అవకాశం ఇస్తుంది. కానీ మీ సొంత పని అయ్యాకే.

చివరికి ఆ ఆట గురించి ఒక్క వాక్యం రాయాలి: ఓటమికి అసలు కారణం ఏ రకం? నేను నేర్పే వాళ్లందరికీ నాలుగు గడులు పెట్టుకోమంటాను. తెలియక, తెలిసీ చూడక, చూసీ భయపడి, గడియారం వల్ల. మీ ఆటలో 59వ ఎత్తు తెలియక చేసింది, దానికి మందు సులువు, ఆ బంటు స్థితి ఓ సాయంత్రం నేర్చుకుంటే పోతుంది. 41 భయం వల్ల చేసింది. 17 గడియారం. ఈ రెండూ పుస్తకాలు చదివితే పోవు. గడియారానికి ఒక హద్దు పెట్టుకోవాలి, ఏ ఎత్తుకైనా పదిహేను నిమిషాలు దాటనని. భయానికి ఒక అలవాటు చేసుకోవాలి, పావులు మార్చే ముందు "మార్చాక మిగిలేదాన్ని నేను ఆడగలనా?" అని ఒక్కసారి అడగడం. ఒక ఆటతో ఏదీ తేలదు. మీ సొరుగులో ఉన్నవాటిలో ఓ పది ఆటలకు ఈ వాక్యం రాస్తే, ఒకే కారణం మళ్లీ మళ్లీ కనిపిస్తుందో లేదో తెలుస్తుంది. మీ విషయంలో "పావులు మార్చేస్తే హాయి" అన్నది ఇంకా చాలాచోట్ల ఉంటుందని నా అనుమానం. తప్పో ఒప్పో మీ కాగితాలే చెప్పాలి.

సొరుగు తెరవడానికే చెయ్యి రావడం లేదంటే, ఓడిన ఆటతో మొదలుపెట్టక్కర్లేదు. డ్రా అయిన ఆటతోనో, గెలిచినా గుండె దడదడలాడిన ఆటతోనో మొదలుపెట్టండి. గెలిచిన ఆటల్లోనూ ఇవే తప్పులు ఉంటాయి, ఎదుటివాళ్లు పట్టుకోలేదు అంతే. లేదా ఆన్‌లైన్‌లో 15 నిమిషాల ఆటలు ఓడితే వాటిని చూడండి, రేటింగ్ బరువు ఉండదు. వాటిలో ఆలోచన తక్కువ కాబట్టి దొరికేదీ తక్కువే, కానీ చెయ్యి అలవాటు పడుతుంది. కోచ్‌ను పెట్టుకోవడం మరో దారి. డబ్బు ఖర్చు, పైగా మళ్లీ ఒకరు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేయడం మీకు ఇప్పుడే సరిపడుతుందో లేదో ఆలోచించుకోండి. పెట్టుకుంటే మీరు రాసిన నోట్‌బుక్ ముందు చదివే మనిషిని చూసుకోండి, ఓపెనింగ్ ఫైళ్లు అంటగట్టే మనిషిని కాదు.

ఇక నాన్నగారి విషయం.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నెల్లూరులో మొదటి బహుమతి వచ్చినప్పుడు కూడా రైలెక్కగానే బోర్డు పరిచారని రాశారు. దాన్ని మీరు ఫిర్యాదుగా రాశారు. నాకు అందులో ఇంకొకటి కూడా కనిపించింది. ఆయన ఓడినందుకు శిక్షగా అడగలేదు, గెలిచినా అడిగారు. ఆటను తిరిగి చూడాలన్న అలవాటు సరైనదే. ఎంచుకున్న సమయం, స్వరం, అందరి ముందూ అడగడం, ఇవే పిల్లను గాయపరిచాయి. ఆ రోజుల్లో చిన్న పట్నంలో కోచ్ లేరు, ఇంజిన్ లేదు, ఆయనకు తెలిసిన దారి అదొక్కటే అయి ఉంటుంది. ఇది చెప్పడం మీ బాధను కొట్టిపారేయడానికి కాదు. మీరు ఏడ్చిన మాట నిజం. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

తండ్రి దగ్గరే ఆట నేర్చుకోవడం మన దగ్గర కొత్త కాదు. కోనేరు హంపికి నేర్పింది తండ్రి అశోక్ గారే, ఉద్యోగం వదులుకుని మరీ. తండ్రి కోచ్‌గా ఉండటం దానంతటదే చెడ్డది కాదని మీకూ తెలుసు. మీ ఇద్దరి మధ్య అది ఇప్పుడు ఎలా ఉండాలన్నది మాత్రం మీరు తేల్చుకోవాలి, ఇప్పుడు మీరు పదేళ్ల పిల్ల కాదు కాబట్టి.

"డ్రా అయింది" అని చెబుతూ పోవచ్చు. ఈ వారం గడుస్తుంది. కానీ రేటెడ్ టోర్నమెంట్ల ఫలితాలు నెట్‌లో ఉంటాయి, ఫిడే రేటింగ్ నెలనెలా అందరికీ కనిపిస్తుంది. ఆయన చూడకపోయినా మీ తమ్ముడో, పాత చెస్ మిత్రులో చెబుతారు. అప్పుడు ఆయనకు బాధ కలిగేది మీరు ఓడినందుకు కాదు, దాచినందుకు. గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషికి కూతురు ఓడిన వార్త కన్నా అదే బరువు.

"ఓడిపోయాను నాన్నా. గేమ్ ఇప్పుడే పంపను, ముందు నేను చూసుకుంటాను" అని చెప్పవచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఆయన చిన్నబుచ్చుకుంటారు, "నేను చూస్తే తప్పేంటి?" అంటారు. మీరు గొంతు పెంచకుండా అదే మాట చెబితే అలవాటు పడతారు. ఈ దారిలో మీకు ఊపిరి దొరుకుతుంది, ఆయనకు ఆదివారం రాత్రి కాస్త ఖాళీ అయిపోతుంది.

నాకు ఎక్కువ ఇష్టమైనది మూడోది. మీ పని ముగించాక, మీ నోట్స్‌తో సహా ఆటను పంపండి, ఒకే ఒక్క ప్రశ్న జోడించి. "నాన్నా, 41లో ఏనుగులు మార్చకుండా ఎలా కాపాడుకోవాలి? మీరు ఆడి చూపించండి." ఆయనకు వారమంతా పని దొరుకుతుంది. ఎందుకు వేశావని అడిగే అవసరమే ఉండదు, మీరు ముందే రాసేశారు కదా. ఇందులోనూ ప్రమాదం ఉంది. పాత స్వరం తిరిగి రావచ్చు, 59 దగ్గర పట్టుకుని కూర్చోవచ్చు. అప్పుడు "అది చూశాను నాన్నా, రాశాను కూడా, 41 చెప్పండి" అనండి. అది రెండుసార్లు కుదరకపోతే రెండో దారికి తిరిగి వెళ్లండి, అందులో ఓటమి ఏమీ లేదు.

విశ్లేషణ మాటే ఎత్తకుండా, ఆదివారం ఫోన్ బదులు ఆయనతో ఆన్‌లైన్‌లో ఒక ఆట ఆడటం కూడా ఉంది. నేర్చుకోవడానికి తమ్ముడి సాయం కావాలి, మొదట్లో విసుక్కుంటారు. కానీ తండ్రీకూతుళ్లకు ఆట మిగులుతుంది, పరీక్ష పోతుంది. రైలు బెర్తుల సంగతి ఆయనతో ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి. అది ఆట మెరుగుపడటానికి షరతు కాదు, ఇప్పుడే తేల్చేయాల్సిన పనీ కాదు. ఆయన ఒంట్లో బాగున్నప్పుడు, మీకు కోపం తగ్గాక, ఊరు వెళ్లినప్పుడు ఎదురెదురుగా కూర్చుని అయితే నయం. ఫోన్‌లో వద్దు.

వచ్చే నెల టోర్నమెంటు గురించి. రేటింగ్ పోతుందన్న భయమే అడ్డయితే లెక్క చూసుకోండి. ఆ అబ్బాయి చేతిలో ఓటమికి మీకు పోయింది దాదాపు 14 పాయింట్లు, అంతే. 18 ఏళ్లలోపు, 2300 లోపు రేటింగ్ ఉన్న పిల్లలకు ఫిడే మార్పు గుణకం 40, మీకు 20. అంటే ఒకే ఫలితానికి వాళ్ల రేటింగ్ మీకన్నా రెట్టింపు కదులుతుంది. అయినా వాళ్ల ఆట అంతకన్నా వేగంగా పెరుగుతుంది కాబట్టి 1450 అని రాసి ఉన్న పిల్లాడు నిజానికి 1600 ఆడుతుంటాడు. చిన్నపిల్లాడి చేతిలో ఓడానన్న మాటను మనసులోంచి తీసేయండి. హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మొదటి రౌండే ఓడిపోయింది. చివరికి 11కి ఎనిమిదిన్నర పాయింట్లతో రెండోసారి ఛాంపియన్ అయింది, 37 ఏళ్ల వయసులో. తర్వాతి రౌండ్‌కు మనసు మిగుల్చుకోవడం కూడా ఆటలో భాగమే, అది టోర్నమెంట్లలోనే అలవాటవుతుంది.

వెళితే ఒక టోర్నమెంటు విలువైన ఆటలు చేతికొస్తాయి, నోట్‌బుక్ పద్ధతి వేడిగా ఉన్నప్పుడే మొదలవుతుంది. కానీ వరసగా రెండు ఓడితే మళ్లీ ఫోన్ పట్టుకునే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ రాత్రులు ఏం చేస్తారో ముందే అనుకుని వెళ్లండి, తోటి ఆటగాళ్లతో భోజనమో, త్వరగా నిద్రో. వెళ్లకపోతే ఆ నెలలో సొరుగులో ఉన్న పది ఆటలూ చూడవచ్చు, ఏనుగుల ఎండ్‌గేమ్‌లు కొన్ని నేర్చుకోవచ్చు, ఆ తర్వాత వచ్చే టోర్నమెంటుకు కాస్త ధీమాగా వెళతారు. కాకపోతే మానేయడం అలవాటుగా మారకుండా తర్వాతి పోటీకి ఇప్పుడే పేరు ఇచ్చేయండి. మీ ఉత్తరం చదివితే మీకు వెళ్లాలనే ఉందనిపించింది. వెళ్లేట్టయితే మొదటి రౌండ్ నుంచే స్కోర్‌షీట్ పక్కన నిమిషాలు రాయండి, ఆటలయ్యాక మీ నోట్స్‌తో సహా నాకు పంపండి, చూసి జవాబు రాస్తాను.